కళ్లు మూసుకుని ఏరు దాటిన సుంకమ్మ

అనగనగా ఒక కొండసీమ. ఆ సీమలో ఉరుములేరు అని ఒక ఏరు ఉండేది. ఎండాకాలమంతా పొయ్యిగడ్డ మీది పిల్లిలా ముడుచుకుని పడుకునేది. తొలకరి పడి కొండల్లోంచి ఎర్రనీళ్లు దిగాయంటే మాత్రం పులిలా లేచేది. దాని రొద ఆమడ దూరం వినిపించేది.

ఏటికి ఇవతలి గట్టున రేవూరు, అవతలి గట్టున పైడిగుంట. నడుమ నీళ్లలో మూడు పెద్ద బండలు. పూర్వులు వాటికి పేర్లు పెట్టారు. మొదటిది అక్కబండ, రెండోది చెల్లిబండ, మూడోది అత్తబండ. అక్కబండ దగ్గర నీళ్లు నెడతాయి. చెల్లిబండ దగ్గర నీళ్లు లాగుతాయి. అత్తబండ దగ్గర ఏం చేస్తాయో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ పేరు.

ఆ ఏరు దాటాలంటే పుట్టి ఒక్కటే దిక్కు. పుట్టి అంటే వెదురుతో బుట్టలా అల్లి, అడుగున తోలు కుట్టిన గుండ్రటి పడవ. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు పట్టడం తెలిసినవాడు ఎక్కితే బాణంలా పోతుంది. తెలియనివాడు ఎక్కితే తిరగలిలా ఉన్నచోటే తిరుగుతుంది.

రేవూరి పుట్టిని నలభై ఏళ్లుగా నడిపినవాడు తిప్పన్న. పెళ్లివారిని దాటించాడు, గొర్లను దాటించాడు, ఒకసారి రాజుగారి ఏనుగుపిల్లను కూడా దాటించాడు. అలాంటి తిప్పన్నకు ఒకనాటి పొద్దున కుడిపక్క పడిపోయింది. కాలు రాదు, చేయి రాదు. మాట మాత్రం మిగిలింది. ఆనాటి నుంచి వసారాలో నులకమంచమే ఆయన రేవు.

తిప్పన్న కొడుకు మద్దిలేటి మంచివాడు. కానీ గొర్లు కాచుకునే మనిషి. నీళ్లు మోకాలు దాటితే ముక్కోటి దేవతలనూ పేరుపేరునా పిలుస్తాడు. కాబట్టి తెడ్డు పట్టాలన్న కోరిక కొడుక్కు కాదు, కోడలికి పుట్టింది. ఆ కోడలి పేరు సుంకమ్మ.

సుంకమ్మది నీళ్లు లేని ఊరు. పెళ్లయి వస్తున్నప్పుడే ఆమె మొదటిసారి ఏరు చూసింది. పుట్టిలో కొత్త పెళ్లికూతురు పెళ్లికొడుకు ముఖం చూడలేదు. తెడ్డు పట్టిన మామ చేతులు చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు ఆమె మొట్టమొదటి మాట, "మామా, నాకు నేర్పిస్తావా?" అని.

తిప్పన్న పడిపోయాక ఆ మాట మళ్లీ అడిగింది. ఈసారి నవ్వుతూ కాదు.

ఆ సీమను ఏలే రాజుగారి కట్టడి ఒకటి ఉంది. రేవు తెడ్డు ఖాళీ అయితే, తొలకరికి ఎర్రనీళ్లు దిగిన మూడోనాడు రాజుగారు స్వయంగా రేవుకు వస్తారు. ఆయన కళ్ల ముందు మూడు బండలూ దాటి, మళ్లీ తిరిగి వచ్చినవారికే తెడ్డు. ఆడా మగా అని కట్టడిలో లేదు. ఆడవాళ్లు ఎవరూ అడగలేదు, అంతే.

తిప్పన్నకు తమ్ముడి కొడుకు ఒకడున్నాడు. వాడి పేరు గిడ్డయ్య. పేరుకే గిడ్డ. మనిషి తాటిమానులా ఉంటాడు. భుజాలు ఎద్దు మూపులా ఉంటాయి. తెడ్డు తనదేనని వాడి నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే. వాడు సుంకమ్మను చూసి, "వదినా, నువ్వు తెడ్డు పడితే అన్న చేత గరిటె పట్టించాల్సి వస్తుందే!" అని నవ్వేవాడు. చెడ్డవాడు కాడు. నోరు కాస్త వదులు.

ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ సుంకమ్మ నిలకడ నీళ్లలో తెడ్డు పట్టడం నేర్చుకుంది. తిప్పన్న మంచాన్ని గట్టు దాకా మోయించుకుని కేకలు పెట్టి నేర్పాడు. మొదట పుట్టి తిరగలిలా తిరిగింది. ఆమెకు కళ్లు తిరిగాయి. తరువాత తరువాత పుట్టి మాట విన్నది. మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందుకు దించి, పాము పాకినట్టు అటూ ఇటూ లాగడం ఆమె చేతికి వచ్చింది.

తొలకరికి ఇంకా నలభై అయిదు రోజులుందనగా, ఒక సాయంకాలం పుట్టిని గట్టుకు లాగుతూ సుంకమ్మ పాచిరాయి మీద జారింది. కుడిచేయి కింద పడింది. ఠప్పుమని చప్పుడైంది.

ఎముకలు కట్టే వైద్యుడు వచ్చాడు. ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టి కట్టు కట్టాడు.

"నలభై రోజులు ఈ చేయి కదలకూడదు. తెడ్డు కాదు, చెంబు కూడా ఎత్తకూడదు," అన్నాడు.

సుంకమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. గిడ్డయ్య చూడ్డానికి వచ్చి, గంపెడు సీతాఫలాలో జామకాయలో దొరక్క, పుచ్చకాయ ఒకటి మోసుకొచ్చాడు. "బాధపడకు వదినా, నిన్ను రోజూ పుట్టిలో ఊరేగిస్తాలే," అన్నాడు. ఓదార్చుదామనే అన్నాడు పాపం. ఆమెకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

వాడు వెళ్లిపోయాక తిప్పన్న మంచం మీది నుంచి పిలిచాడు.

"అమ్మా సుంకమ్మా! ఏ చేయి విరిగింది?"

"కుడిచేయి మామా."

"మనసేమైనా విరిగిందా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నా సంగతి చూడు," అన్నాడు ముసలాయన. "సగం ఒళ్లు చచ్చిపోయింది. అయినా నేను రోజూ ఏరు దాటుతూనే ఉన్నా. ఈ పొద్దు కూడా దాటి వచ్చినా."

మామకు మతి కూడా తప్పిందేమోనని సుంకమ్మ భయపడి లేచి కూర్చుంది. తిప్పన్న నవ్వాడు.

"ఇట్లా కళ్లు మూసుకుంటా. పుట్టి ఎక్కుతా. తెడ్డు పడతా. అటు పోతా, ఇటు వస్తా. నలభై రోజులు నీకు చేసే పనేముంది? రా, ఇక్కడ కూర్చో. నాతోపాటు దాటు."

సుంకమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. రెండు నిమిషాల్లో ముఖం వెలిగిపోయింది.

"దాటినావా?"

"దాటినా మామా!"

"ఏం చూసినావు?"

"రాజుగారు నా చేతికి తెడ్డు ఇస్తున్నారు. ఊరంతా చప్పట్లు కొడుతోంది. బంతిపూల దండ వేశారు. ఆ వాసన కూడా తెలిసింది. గిడ్డయ్య తల వంచుకుని ఒక పక్కన నిలబడినాడు."

తిప్పన్న ఎడమచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అది తిరునాళ్ల తల్లీ, ఏరు కాదు. పుట్టి ఎక్కకముందే దిగేసినావు! దండ వేయించుకోవడం కూడా నేర్చుకోవాలా? అది ఎవరికైనా వస్తుంది. మళ్లీ చూడు."

మర్నాడు సుంకమ్మ మళ్లీ కూర్చుంది. తిప్పన్న తమలపాకు తీసుకుని తొడిమ తుంచుతున్నాడు. ఆకు నోట్లో పెట్టుకోకముందే ఆమె కళ్లు తెరిచింది.

"ఈసారి నిజంగా దాటినా మామా. దండ లేదు, రాజు లేడు. పుట్టిలో నేనే. కొంగు నడుముకు చుట్టుకుని, నిటారుగా కూర్చుని, మూడు బండల నడుమ నుంచి మెరుపులా పోయినా. చూడముచ్చటగా ఉన్నా!"

"ఎవరు చూసినారు?"

"నేనే చూసినా."

"ఎక్కడ నిలబడి చూసినావు?"

సుంకమ్మ తడబడింది. "గట్టు మీద."

"అదీ సంగతి. పుట్టిలో పోయింది ఎవరో ఆడమనిషి. నువ్వు గట్టున నిలబడి సంబరం చూసినావు. తెడ్డు ఎంత బరువుంది? మోకాళ్లకు వెదురు గుచ్చుకుందా? అక్కబండ దగ్గర నీళ్లు మొహాన కొట్టినాయా?"

"తెలియదు మామా."

"ఇంకొకటి. వరద ఏరు దాటాలంటే ఒక విడెం నమిలేంత సేపు పడుతుంది. నలభై ఏళ్లు నమిలి చూసినా. నువ్వు నేను తొడిమ తుంచేలోగా దాటేసినావు. అంత తొందరగా దాటేది కొంగలు, మనుషులు కాదు."

సుంకమ్మకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి. ఆ రోజు మధ్యాహ్నం ఆమె ఏటి ఒడ్డుకు వెళ్లింది. నీళ్లు తక్కువగా ఉన్నాయి గనుక బండలు బోసిగా నిలబడి ఉన్నాయి. వరద ఎంత ఎత్తు వస్తుందో రాళ్ల మీది చారలు చూసి గుర్తు పెట్టుకుంది. తెడ్డును ఎడమచేత్తో ఎత్తి బరువు తెలుసుకుంది. ఇంటికి వచ్చి మామ ముందు కూర్చుంది.

"బండ బండకూ ఏం చేయాలో చెప్పు. చేయి ఎట్లా పోవాలో చెప్పు. తొందర లేదు."

తిప్పన్న చెప్పాడు.

"అక్కబండ నెడుతుంది. అది నెట్టకముందే మనం జరగాలి. కుడిపక్కన తెడ్డు నిలువుగా దించి, మూడు పొడుగాటి లాగుళ్లు. చెల్లిబండ లాగుతుంది. అక్కడ ఆగకూడదు. చిన్నచిన్నగా, వడివడిగా, మజ్జిగ చిలికినట్టు తెడ్డు ఆడాలి. ఇక అత్తబండ. అత్త దగ్గర వాదం పెట్టుకోకూడదు తల్లీ! సుడి పుట్టిని పట్టుకుంటే పట్టుకోనీ. ఒక చుట్టు తిప్పితే తిప్పనీ. తిరిగి తిరిగి ఎదురుగా పైడిగుంట తెల్లగుట్ట కనిపిస్తుంది చూడు, ఆ క్షణాన తెడ్డును లోతుగా దించి, ఒళ్లంతా వెనక్కు వేసి, ఒకే ఒక్క లాగుడు. ముందు లాగితే మునుగుతావు. వెనక లాగితే మళ్లీ తిరుగుతావు."

మూడోరోజు సుంకమ్మ కూర్చున్న తీరే వేరు. మోకాళ్ల మీద కూర్చుంది. చీర కుచ్చెళ్లు తడిపి కట్టుకుంది. కళ్లు మూసుకుంది. కట్టులోని చేయి కదల్లేదు. కానీ భుజం నుంచి వేళ్ల దాకా లోపల నరాలు జివ్వుమన్నాయి. చల్లటి నీళ్లు మొహాన కొట్టాయి. తెడ్డు బరువు అరచేతికి తెలిసింది. అక్క దాటింది. చెల్లి దాటింది. తిప్పన్న విడెం నములుతూ కోడలి ముఖమే చూస్తున్నాడు. ఆమె నుదుట చెమట పట్టింది. ఊపిరి ఎగిసింది. ఉన్నట్టుండి కెవ్వుమని కళ్లు తెరిచింది.

"మునిగిపోయినా మామా! అత్తబండ దగ్గర తొందరపడి లాగినా. పుట్టి బోర్లా పడింది."

ముసలాయన ముఖం చాటంత అయింది. "మునిగినావా? మా తల్లే, మా బంగారే! ఈ పొద్దు ఏటిలోకి దిగినావు! నిజంగా దిగినవాళ్లే గదా మునిగేది!"

ఆమె నవ్వబోయింది. ఆయన వేలు చూపించాడు.

"ఆగు. మునిగినదానివి మునిగినట్టే లేచి పోవద్దు. మనసుకు అదే అలవాటవుతుంది. వెనక్కు పో. చెల్లిబండ దాటిన చోటికి పో. మళ్లీ అత్త దగ్గరికి రా. ఈసారి తెల్లగుట్ట కనిపించే దాకా చేయి ఆపుకో. సరిగ్గా దాటినాకే కళ్లు తెరువు."

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. ఈసారి దాటి తెరిచింది.

ఆనాటి నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలవేళ ఒకసారి మామా కోడళ్లు ఏరు దాటేవారు. ఆయన మంచం మీద, ఆమె నేల మీద. ఇద్దరి భుజాలూ ఒకే వైపు ఒరిగేవి. ఇద్దరి తలలూ ఒకేసారి తిరిగేవి.

ఒకనాడు మద్దిలేటి గొర్లను తోలుకుని ఆకలితో ఇంటికి వచ్చాడు. వసారాలో తండ్రీ పెళ్లామూ కళ్లు మూసుకుని ఊగుతున్నారు. పొయ్యి చల్లగా ఉంది. కాసేపు నిలబడి చూశాడు.

"అన్నం కూడా మనసులోనే తినమంటారా నాయనా?" అని అడిగాడు.

"ఉష్! అత్తబండ దగ్గరున్నాం," అన్నాడు తిప్పన్న కళ్లు తెరవకుండానే.

పాపం మద్దిలేటి తానే జొన్నసంకటి కెలికాడు. ఉండలు ఉండలుగా వచ్చింది. ముగ్గురూ ఏమీ అనకుండా తిన్నారు. అప్పటి నుంచి కట్టు విప్పేదాకా వంట వాడిదే.

అక్కడ గిడ్డయ్య కూడా ఊరికే లేడు. రోజూ నిలకడ నీళ్లలో పుట్టిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తోసేవాడు. చూసేవాళ్లు గట్టున చేరితే వాడికి ఇంకా హుషారు. ఒంటిచేత్తో తోసేవాడు, పాట పాడుతూ తోసేవాడు. కండలు ఇంకా పెరిగాయి. "బండల సంగతి ఏం ఆలోచించినావురా?" అని తిప్పన్న ఒకసారి అడిగాడు. "ఆలోచించేదేముంది పెదనాయనా? వచ్చినప్పుడు చూసుకుందాం. భుజం ఉంది గదా," అన్నాడు వాడు.

నలభై రోజులు గడిచాయి. వైద్యుడు కట్టు విప్పాడు. లోపల చేయి ఎండిన మునక్కాయలా ఉంది. సుంకమ్మ దాన్ని కొంగు చాటున దాచుకుంది.

"భయపడకు," అన్నాడు తిప్పన్న. "దారి మనసుకు తెలిసింది. నడవాల్సింది చేయి. దాన్ని కూడా కొంచెం నడిపించాలి గదా. నూనె రాసుకుని నిలకడ నీళ్లలోకి పో. కొంచెం కొంచెంగా."

ఆమె వెళ్లింది. తెడ్డు పట్టగానే చేయి నొప్పెట్టింది. కాసేపటికే అలిసింది. కానీ ఒక వింత. చేయి బలం మరిచిపోయింది గానీ పని మరిచిపోలేదు. చేయి విరగకముందు కంటే పుట్టి తిన్నగా పోతోంది. నలభై రోజులు నీళ్లు ముట్టని చేయి, నలభై రోజులు నీళ్లలోనే ఉన్నట్టు కదిలింది. రోజూ కొంచెం ఎక్కువసేపు, అలా అయిదు రోజులు చేసింది.

ఆరోనాడు తెల్లవారేసరికి ఎర్రనీళ్లు దిగాయి.

రాజుగారు రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఏరు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా, అవతల పైడిగుంటలో ఎత్తైన గడ మీద ఎర్రచీర ఎగిరింది. ఎర్రచీర ఎత్తితే ప్రాణాపాయం అని రెండు ఊళ్ల మధ్య గుర్తు.

గిడ్డయ్య ముఖం తెల్లబోయింది. వాడి పెళ్లాం నరసమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆ పుట్టిల్లు పైడిగుంట. ఆ ఎర్రచీర ఎగురుతున్నది వాళ్ల మిద్దె మీదే. రెండు ఊళ్లకూ మంత్రసాని ఒక్కతే, కాశమ్మవ్వ. ఆమె ఉన్నది ఇవతల.

"నేను పోతా!" అని గిడ్డయ్య పుట్టిని నీళ్లలోకి తోశాడు. "ముందు ఒక్కడినే దాటి చూస్తా. దారి దొరికితే వచ్చి అవ్వను తీసుకుపోతా."

మొదటిసారి అక్కబండ నెట్టింది. వాడు భుజబలమంతా పెట్టి ఎదురు తోశాడు. ఏరు వాడిని బొంగరంలా తిప్పి ఇవతలి గట్టుకే తెచ్చి పడేసింది. రెండోసారి పళ్లు బిగించి అక్కను దాటాడు. చెల్లిబండ లాగింది. వాడు పెద్ద పెద్ద లాగుళ్లు వేశాడు. ఒక లాగుడుకూ ఇంకో లాగుడుకూ నడుమ నీళ్లు పుట్టిని పట్టుకుని బండకు కొట్టాయి. పుట్టి బోల్తా పడింది. ఈతగాడు గనుక గిడ్డయ్య బతికి ఒడ్డుకు చేరాడు. పుట్టి కూడా కొట్టుకుని వచ్చి రెల్లుగడ్డిలో చిక్కింది. కానీ వాడి ఎడమభుజం జారిపోయింది.

అవతల ఎర్రచీర ఇంకా ఎగురుతూనే ఉంది.

గిడ్డయ్య బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. సుంకమ్మ వైపు చూశాడు. వాడి నోట వెటకారం లేదు.

"వదినా... నువ్వు పోతావా?" అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. నిన్ను పొమ్మనడానికి నాకు నోరెట్లా వచ్చింది? నీ చేయి ఇంకా..."

సుంకమ్మ తన చేయి చూసుకుంది. ఏరు చూసింది. మామ ఎక్కడా అని వెతికింది. మద్దిలేటి అప్పటికే తండ్రిని వీపున మోసుకొచ్చి గట్టున కూర్చోబెట్టాడు.

"మామా, పోనా?"

తిప్పన్న ఒకసారి ఏటి వైపు చూశాడు. "పొమ్మని చెప్పలేను తల్లీ. వద్దని కూడా చెప్పలేను. ఒక్క మాట అడుగుతా. కళ్లు మూసుకుని చూడు. దారి కనిపిస్తోందా?"

సుంకమ్మ ఆ రొదలో, ఆ జనంలో, ఒక్కసారి కళ్లు మూసుకుంది. తెరిచింది.

"కనిపిస్తోంది మామా."

"అయితే పో. పోయి రా."

కాశమ్మవ్వ మూట చంకన పెట్టుకుని పుట్టి ఎక్కింది. "నూట పన్నెండు మందిని భూమ్మీదికి తెచ్చినా. ఈ పొద్దు నేను పోయినా ఫరవాలేదు గానీ, ఆ పిల్ల దక్కాల. పోనీ అమ్మీ," అంది.

అప్పుడు మద్దిలేటి ఒక పని చేశాడు. మోకాలు దాటి, నడుము దాకా నీళ్లలోకి దిగాడు. ఒక్క దేవుడిని కూడా పిలవలేదు. తలగుడ్డ విప్పి, పెళ్లాం ముంజేతిని తెడ్డుకు కలిపి గట్టిగా కట్టాడు.

"బలం చాలకపోతే ఈ గుడ్డ పట్టుకుంటుంది," అన్నాడు. వెనుదిరిగి గట్టుకు పరిగెత్తాడు.

పుట్టి కదిలింది.

ఏరు మనసులో కంటే పెద్దగా ఉంది. మనసులో కంటే ఎక్కువగా అరుస్తోంది. కానీ దారి అదే. అక్కబండ కనిపించింది. అది నెట్టకముందే సుంకమ్మ జరిగింది. కుడిపక్కన తెడ్డు నిలువుగా దించి, ఒకటి, రెండు, మూడు. పొడుగాటి లాగుళ్లు. పుట్టి అక్కను రాసుకుంటూ పోయింది.

చెల్లిబండ లాగింది. తెడ్డు మజ్జిగకవ్వంలా ఆడింది. చేయి మండుతోంది. తలగుడ్డ పట్టుకుంది. కాశమ్మవ్వ కళ్లు మూసుకుంది. చెల్లి కూడా వెనకబడింది.

అత్తబండ దగ్గరికి వచ్చేసరికి, వాళ్లెవరూ తలచుకోనిది ఒకటి వచ్చింది. కొండల్లోంచి కొట్టుకొస్తున్న మద్దిదుంగ! ఏనుగు తొండంలా నీళ్లలో లేస్తూ పడుతూ సూటిగా పుట్టి మీదికే వస్తోంది. నలభై రోజుల్లో ఒక్కసారి కూడా సుంకమ్మకు ఆ దుంగ ఎదురు రాలేదు.

కానీ ఆమె చేతులకు బండల పని తెలుసు. వాటికి ఏమీ చెప్పనక్కర్లేదు. అందుకే ఆమె కళ్లకు తీరిక దొరికింది, దుంగను చూసింది. సుడి పుట్టిని పట్టుకుంది. ఆమె పట్టుకోనిచ్చింది. అరచుట్టు తిరిగేసరికి దుంగ బారెడు దూరానికి వచ్చింది. తెడ్డు మొనతో దాన్ని ఒక్క తోపు తోసింది. దుంగ పక్కకు దొర్లి అత్తబండకు కొట్టుకుని రెండు ముక్కలైంది. పుట్టి మిగిలిన అరచుట్టు తిరిగింది. ఎదురుగా తెల్లగుట్ట!

సుంకమ్మ తెడ్డును లోతుగా దించింది. ఒళ్లంతా వెనక్కు వేసింది. ఒకే ఒక్క లాగుడు.

నీళ్ల రొద ఒక్కసారిగా వెనకబడింది. ముందు పైడిగుంట గట్టు. చేతులు చాచిన జనం.

ఇవతల గట్టున తిప్పన్న నోట్లో నములుతున్న విడెం అప్పుడే అయిపోయింది.

ఆ పగలంతా రేవూరిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పొద్దు వాలే వేళకు మిద్దె మీది ఎర్రచీర దిగింది. దాని చోట పసుపుచీర ఎగిరింది. తల్లీ బిడ్డా క్షేమం. గిడ్డయ్య ఒక చేయి కట్టులో ఉండగానే గట్టంతా ఎగిరి గంతులేశాడు. తరువాత తిప్పన్న కాళ్ల దగ్గర కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఎడమచేత్తో వాడి తల నిమురుతూ, "ఏడు, ఏడు. ఆడపిల్లో మగపిల్లాడో తెలిసేదాకా ఏడువు," అన్నాడు.

ఆడపిల్ల. మూడోనాడు సుంకమ్మ పుట్టిలో తిరిగి వచ్చి ఆ మాట చెప్పింది. వరద అప్పటికీ తీయలేదు. మళ్లీ మూడు బండలూ దాటింది. గట్టున గొడుగు కింద రాజుగారు నిలబడి ఉన్నారు.

"ఊరంతా చూడగా దాటావు, నా కళ్ల ముందు తిరిగి వచ్చావు. తెడ్డు నీదే," అన్నారు రాజుగారు. "కానీ అమ్మా, ఈ చేయి నలభై రోజులు కట్టులో ఉందట. ఏ విద్యతో దాటావు?"

సుంకమ్మ మామ వైపు చూసింది. తిప్పన్న చేతులు జోడించలేక ఒక చేయి గుండెలకు ఆనించుకుని చెప్పాడు.

"మంత్రం కాదు ప్రభూ. ఏరు దాటినవాళ్లను మెచ్చుకునే తీరు మేము తలచుకోలేదు. దాటే తీరు తలచుకున్నాం. అదీ, దాటేంత సేపూ తలచుకున్నాం."

రాజుగారు ఆ మాట రెండుసార్లు తనలో తాను చెప్పుకున్నారు. రేవు తెడ్డు సుంకమ్మ చేతికి ఇచ్చారు. ఆమె ఒక మనవి చేసింది. "ప్రభూ, నా చేయి ఇంకా పచ్చిది. గిడ్డయ్య భుజం నయమయ్యాక రెండో తెడ్డు వాడికి ఇప్పించండి. బలం వాడిది, దారి నాది. ఇద్దరం కలిస్తే ఏ చీర ఎగిరినా రేవు ఆగదు."

"వదినా!" అన్నాడు గిడ్డయ్య. అంతకు మించి వాడికి మాట రాలేదు. ఆ ఊళ్లో వాడికి మాట రాకపోవడం అదే మొదలు.

జనం చెదిరిపోయారు. సాయంత్రం వసారాలో సుంకమ్మ చేతికి మద్దిలేటి నూనె రాస్తున్నాడు. మంచం మీద తిప్పన్న చాలాసేపు అటూ ఇటూ కదిలాడు. ఏదో అడగాలని, అడగలేక.

"ఏం కావాలి మామా?"

"ఏం లేదు తల్లీ. ఆ దుంగ సంగతి." ఆయన గొంతు తగ్గించాడు. "నలభై ఏళ్లలో అత్తబండ దగ్గర నాకెప్పుడూ దుంగ రాలేదు. తెడ్డు మొనతో తోసినావంట. ఎక్కడ పట్టినావు, ఏ పక్కకు ఒరిగినావు, చేతికి ఎట్లా తెలిసింది? తొందర లేదు, నిదానంగా చెప్పు."

సుంకమ్మ మంచం దగ్గరికి జరిగింది. మామ పనిచేయని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. దుంగ వచ్చిన తీరు, తోసిన తీరు, పుట్టి తిరిగిన తీరు, పూసగుచ్చినట్టు చెప్పసాగింది. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన భుజం కొద్దిగా పక్కకు ఒరిగింది. పెదవుల మీద నవ్వు మెరిసింది.

"దాటినా తల్లీ," అన్నాడు.

ఫలితాన్ని తలచుకుంటే ఆశ పెరుగుతుంది. పనిని తలచుకుంటే పనితనం పెరుగుతుంది.